తొట్టిలో టమాటా: అడుగునుండి నీరందించు విధానము

కోనసీమలో నీటి కొరత కలదని చెప్పినచో వినువారు నవ్వుదురు. మలికిపురము నెలకొన్న దీవికి పడమట వశిష్ఠ గోదావరి, తూర్పున వైనతేయ గోదావరి, దక్షిణమున బంగాళాఖాతము హద్దులు. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిదప, గన్నవరము వద్ద వైనతేయను దాటించు అక్విడక్టు మీదుగా గోదావరి నీరు ఈ దీవికి చేరినది. కొబ్బరితోటలు, వరిచేలు, చేపల చెరువులు, రొయ్యల చెరువులు ఎటు చూచినను నీరే.

అయినను ఏప్రిలు మాసములో కాలువలు కట్టిన నాటినుండి జూను మొదట మరల విడుచువరకు, పెరటిలోని నాలుగు మొక్కలకు రెండు బిందెల మంచినీరు పోయుట ఇంటి ఇల్లాలికి భారమైన పనియే. సముద్రమునకు చేరువనున్న గ్రామములలో బోరునీరు తరచు ఉప్పదనము కలిగియుండును. ఇసుకపాలు హెచ్చుగానున్న నేల పోసిన నీటిని నిలుపుకొనదు. ఉదయము పోసిన నీరు మధ్యాహ్నమునకే జాడ తెలియకుండ పోవును. చుట్టును నీరున్నను మొక్కకు పనికివచ్చు నీరు కొద్దియే యన్నది ఇచ్చటి గృహిణులకు క్రొత్త సంగతి కాదు.

మరియొక వంక, మన సంతలకు వచ్చు టమాటాలలో అధికభాగము మదనపల్లి మొదలగు దూరప్రాంతములనుండి లారీలలో రావలసినదే. 2023 జులై, ఆగస్టు మాసములలో కిలో ధర నూరు రూపాయలను మించిపోయినప్పుడు పేదయిండ్లలోని పప్పులో టమాటా కానరాక పోవుట అందరికిని జ్ఞాపకముండును. ఇంటికి కావలసిన కాయలలో కొన్నియైనను పెరటిలోనే పండించుకొన గలిగినచో అంతకంటె కావలసినదేమి? ఇందుకు అనువైన యొక చిన్న ఏర్పాటును మేమిచట వివరింపదలచితిమి. మొక్కకు పైనుండి నీరు పోయక, తొట్టి అడుగున నీటిగది యొకటి యుంచి, మొక్క తనకు వలసినంత నీరు తానే పైకి లాగుకొనునట్లు చేయుటయే ఈ విధానము.

ఈ తొట్టి ఏమి చేయగలదో, ఏమి చేయజాలదో రెండును చెప్పుట మా ఉద్దేశము. సగము విని తొట్లు చేసికొన్నవారు మే మాసములో పూత రాలిపోవుట చూచి, తొట్లను మూలకు త్రోసివేయుట జరుగవచ్చును. అట్టి నిరాశ కలుగరాదని మా కోరిక.

టమాటా స్వభావము

టమాటా మన దేశపు మొక్క కాదు. దక్షిణ అమెరికా ఖండపు పడమటి కొండ ప్రాంతములు దీని పుట్టినిల్లు. ఐరోపావారి ద్వారా మన దేశమునకు వచ్చినది. మన పెద్దలు దీనిని రామములగ యని పిలిచిరి. చిత్తూరు వైపు తక్కాలి యని కూడ నందురు. నేడు పప్పు, పులుసు, పచ్చడి ఏదియైనను ఇది లేనిదే గడుచుట లేదు.

ఈ మొక్కకు ఎక్కువ నీటికంటె క్రమమైన నీరు ముఖ్యము. ఒకనాడు వరద, మరునాడు కరవు అన్నది దీనికి సరిపడదు. కారణమును ఒకింత వివరింతుము. కాయ గట్టిపడుటకు సున్నపు ధాతువు, అనగా కాల్షియము, అవసరము. అది వేళ్ళనుండి నీటితోపాటు ప్రయాణించి ఆకులకును, కాయలకును చేరును. కాయ కొసభాగమునకు అది అందుట అన్నిటికంటె కడపట. కాయ పెరుగుచున్న దినములలో నడుమ నడుమ నీరు తప్పినచో, ఆ కొసభాగమునకు కాల్షియము చాలక, మొదట నీరు పట్టిన మచ్చవలె కనబడి, పిదప నల్లబడి తోలువలె అణగిపోవును. దీనినే కాయ అడుగుకుళ్ళు అందురు. చాలమంది దీనిని తెగులుగా భావించి మందులు చల్లుదురు. ఇది తెగులు కాదు, పురుగు కాదు. పురుగుమందులకు, తెగులుమందులకు ఇది లొంగదు. నీరు క్రమముగా అందునట్లు చూచుటయే దీనికి మొదటి మందు. అట్లే ఎండిపోయిన మొక్కకు ఒక్కసారి కడివెడు నీరు పోసినచో పండుచున్న కాయలు పగులును.

మామూలు పూలకుండీలో పెంచినప్పుడు ఈ క్రమము పాటించుట కష్టము. మార్చి మాసపు ఎండలో కుండీలోని మట్టి ఎండి ముడుచుకొని అంచులనుండి విడివడును. సాయంకాలము పోసిన నీరు ఆ సందులగుండ జారి అడుగు రంధ్రము ద్వారా బయటకు పోవునే గాని వేళ్ళకు దక్కదు. పోసినవారికి మాత్రము కడుపునిండ పోసితిమను తృప్తి కలుగును.

దీపపు వత్తి చెప్పు పాఠము

ప్రమిదలోని నూనె అడుగున నుండును. వెలుగు వత్తికొనపై నుండును. ఎవరును నూనెను పైకి తోడుట లేదు. వత్తిలోని సన్నని నూలుపోగుల నడుమ సందులలో నూనె తనంత తానే ఎగబ్రాకుచున్నది. కొనయందు ఎంత నూనె కాలిపోయిన అంత నూనె అడుగునుండి వచ్చును. మన తొట్టిలో నూనెకు మారు నీరు. వత్తికి మారు తడిపి కూరిన కొబ్బరిపొట్టు. మంటకు మారు ఎండలో నీటిని ఆవిరిగా విడుచు ఆకులు. మబ్బు దినమున మొక్క తక్కువ త్రాగును, ఎండ దినమున ఎక్కువ త్రాగును. లెక్క మొక్కదే, మనము చేయవలసినది అడుగు గదిని నింపియుంచుటయే.

నీటిని వేళ్ళకు అడుగునుండియో ప్రక్కనుండియో కొద్దికొద్దిగ అందించుట క్రొత్త ఊహ కాదు. చీనాదేశములో క్రీస్తుపూర్వము ఒకటవ శతాబ్దమునకు చెందిన ఫాన్ షెంగ్‌జీ వ్యవసాయ గ్రంథములో, మట్టికుండను మెడవరకు నేలలో పాతి నీటితో నింపి, దాని చుట్టును పాదుమొక్కలను పెంచు పద్ధతి చెప్పబడినది. హర్యానాలోని కర్నాల్ నందుగల కేంద్ర చౌడునేలల పరిశోధన సంస్థలో 1970 దశకమున ఈ కుండసేద్యముపై పరిశోధనలు జరిగినవి. ఇక తొట్టి రూపమునకు వచ్చినచో, అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రమున బ్లేక్ విసెనంట్ అను టమాటా రైతు, అతివృష్టివలన పంట దెబ్బతిన్న పిదప, 1990 దశకములో అడుగున నీటిగదియు, పైన కప్పును గల పెట్టెను రూపొందించెను. అదియే ఎర్త్‌బాక్స్ అను పేరుతో అమ్మకమునకు వచ్చినది. ఆ సూత్రమునే మనము పాత బకెట్లతో అనుసరింపవచ్చును.

తొట్టి తయారుచేయు విధము

ఇరువది లీటర్లు పట్టు బకెట్లు రెండు కావలెను. నూనె, పచ్చళ్ళు వంటి ఆహారపదార్థములు వచ్చిన డబ్బాలు శ్రేష్ఠము. పురుగుమందులు, చెరువులలో వాడు రసాయనములు నిలువచేసిన డబ్బాలు ఎంత కడిగినను ఈ పనికి వాడరాదు.

ఒక బకెట్టును రెండవదానిలో దింపినచో రెంటి అడుగుల నడుమ కొంత ఖాళీ మిగులును. ఆ ఖాళీ నాలుగు అంగుళములుండునట్లు చూచుకొనవలెను. చాలనిచో నడుమ రెండు మూడు ప్లాస్టిక్ గిన్నెలను బోర్లించి ఎత్తు సరిచేయవచ్చును. ఇదియే నీటిగది. ఇందు సుమారు ఐదు లీటర్ల నీరు పట్టును.

పై బకెట్టు అడుగున నడిమధ్య మూడు అంగుళముల వెడల్పు గల రంధ్రము చేయవలెను. చుట్టును గోడలకు చిల్లులు పొడిచిన చిన్న ప్లాస్టిక్ డబ్బాను ఆ రంధ్రమున దింపవలెను. దాని అడుగు క్రింది బకెట్టు అడుగును తాకవలెను. ఇదియే వత్తి. దీని చుట్టును పై బకెట్టు అడుగునకు పెన్సిలు లావున పది పన్నెండు చిల్లులు పొడువవలెను. ఇవి వేళ్ళకు గాలి చేరుటకు.

పై బకెట్టు అంచువద్ద అడుగున మరియొక రంధ్రము చేసి, ఒక అంగుళపు పి.వి.సి. గొట్టమును నీటిగది అడుగువరకు దింపవలెను. గొట్టపు క్రిందికొనను ఏటవాలుగా కోయవలెను. లేనిచో అది అడుగునకు అతుక్కొని నీరు దిగదు. గొట్టపు పైకొన బకెట్టు అంచుకంటె నాలుగు అంగుళములు ఎత్తుగా నుండవలెను. నీరు పోయుట ఈ గొట్టము ద్వారానే.

కడపటిది మిక్కిలి ముఖ్యమైనది. క్రింది బకెట్టు గోడకు, పై బకెట్టు అడుగుకంటె అర అంగుళము దిగువగా, ఒక పొర్లు రంధ్రము చేయవలెను. గది నిండినపుడు నీరు ఇచటినుండి బయటకు వచ్చును. ఇది లేనిచో తుపాను వానకు తొట్టియంతయు నీటితో నిండి, వేళ్ళకు ఊపిరాడక మొక్క కుళ్ళిపోవును. వరికి మునిగిన వేరు సమ్మతమే, టమాటాకు కాదు.

కొబ్బరిపొట్టు: మన యింటి పదార్థము

తొట్టిలో నింపుటకు పొలము మట్టి పనికిరాదు. బంకమట్టి నీటిని పైకి లాగును గాని గాలిని చొరనీయదు. ముతక ఇసుక గాలినిచ్చును గాని నీటిని లాగదు. ఈ రెండు గుణములును గలది కొబ్బరిపీచు తీయునపుడు రాలు పొట్టు. దానిని నగరవాసులు ఇటుకలవలె ఒత్తిన రూపమున కొనుచున్నారు. కోనసీమలో పీచు పరిశ్రమలున్నచోట అది గుట్టలుగా పడియుండును. మన పెరటి చివర దొరకు వస్తువే మనకు సాధనమగుచున్నది.

అయితే పొట్టును తెచ్చిన దానిని తెచ్చినట్లు వాడరాదు. అందు సహజముగనే సోడియము, పొటాషియము లవణములు హెచ్చు. ఉప్పునీట నానవేసిన డొక్కల పొట్టులో ఇవి మరింత హెచ్చు. కావున పొట్టును గోనెసంచిలో నింపి, మంచినీటిలో ఒక రాత్రి నానవేసి పిండివేయవలెను. ఇట్లు కనీసము మూడుసార్లు, దిగు నీటి ముదురు గోధుమరంగు పలుచబడువరకు చేయవలెను. వానకాలములో పొట్టును నేలపై పలుచగా పరచి రెండు మాసములు వానకు తడియనిచ్చినచో ఈ శ్రమ చాలవరకు తప్పును.

పచ్చిపొట్టులో మరియొక లోపము కలదు. అది మ్రగ్గునపుడు మొక్కకు చెందవలసిన నత్రజనిని తానే గ్రహించును, ఆకులు పాలిపోవును. కాబట్టి మ్రగ్గిన పొట్టు మేలు. తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయమువారి పద్ధతి ననుసరించి, పొట్టును పొరలుగా పేర్చి, నడుమ నడుమ ముత్యపు చిప్ప పుట్టగొడుగు విత్తనమును, కొలది యూరియాను చల్లి తడిగానుంచినచో సుమారు రెండు మాసములలో అది నల్లని ఎరువుగా మారును.

రెండు పాళ్ళు కడిగిన పొట్టు, ఒక పాలు బాగుగా చివికిన పశువుల ఎరువు లేక వర్మీకంపోస్టు, ఒక పాలు ఏటి ఇసుక కలుపవలెను. సముద్రపు ఇసుక ఎంతమాత్రము తగదు. ఇరువది లీటర్ల మిశ్రమమునకు రెండు గుప్పిళ్ళ వేపపిండియు, 40 లేక 50 గ్రాముల డోలమైటు పొడియు చేర్చవలెను. డోలమైటు కాయకు కావలసిన కాల్షియమును సమకూర్చును.

మిశ్రమమును ముందుగా తడిపి, మొదట వత్తి డబ్బాలో గట్టిగా కూరి, తరువాత బకెట్టును నింపవలెను. వత్తి వదులుగా నున్నను, ఎండియున్నను నీరు ఎక్కదు. నూనె అందని వత్తి వెలుగనట్లే మొక్కయు వాడును. నాటిన మొదటి వారము పైనుండియే నీరు పోయవలెను. వేళ్ళు దిగిన పిదప గొట్టము ద్వారా పోసిన చాలును.

ఉప్పు లెక్క

ఈ తొట్టిని గూర్చి పలువురు చెప్పు మాటలలో ఒక సంగతి తరచు మరుగున పడును. కోనసీమలో అదియే అన్నిటికంటె ముఖ్యము. నేలలో పెరుగు మొక్కకు పైనుండి నీరు పోసినపుడు, నీటిలోని ఉప్పులో కొంత క్రిందికి కొట్టుకొనిపోవును. అడుగునుండి నీరు ఎక్కు తొట్టిలో అట్టి దారి లేదు. నీరు పైకెక్కి ఆవిరియై పోవును. ఉప్పు మాత్రము తొట్టిలోనే నిలిచిపోవును. ఉప్పుమళ్ళలో జరుగునది ఇదియే.

ఒక చిన్న లెక్క వేసి చూతము. లీటరునకు ఒక గ్రాము లవణములు గల బోరునీటిని వాడితిమనుకొందము. మొక్క తన జీవితకాలములో సగటున దినమునకు ఒకటిన్నర లీటరు చొప్పున 100 దినములు త్రాగినచో 150 లీటర్లగును. దానితో తొట్టిలోనికి చేరిన లవణములు 150 గ్రాములు. మొక్క గ్రహించునది అందులో స్వల్పభాగమే. ఒక్క బకెట్టు పొట్టులో నూరు గ్రాములకు పైబడి ఉప్పు పేరుకొన్న పిదప టమాటా బ్రతుకుట కష్టము. మొదట ఆకుల అంచులు మాడును, కాయలు చిన్నవగును, తొట్టి నిండుగ నీరున్నను మధ్యాహ్నము మొక్క వాలిపోవును. నీరు చాలలేదని ఇంకను ఆ నీటినే పోయుదుము. ఆ పోసినదియే మొక్కకు మరింత కీడు చేయును.

కావున అడుగు గదిలో పోయదగినవి వాననీరు, గోదావరి కాలువ నీరు, మంచినీటి కుళాయి నీరు. పెంకుటింటి చూరునుండి జారు వాననీటిని మూతగల డ్రమ్ములో పట్టియుంచుకొన్నచో నవంబరునాటి వానలు కొన్ని వారములకు ఉపకరించును. చెరువుల మురుగునీరు కలియు కాలువలనుండి నీరు తేరాదు. బోరునీరు తప్పనిదైనచో దానిని ముందుగా భూసార పరీక్షా కేంద్రమున పరీక్ష చేయించుట మంచిది. రొయ్యల చెరువుల యొద్ద ఉప్పదనము కొలుచు సాధనము ఇందుకు చాలదు. చెరువునకు లీటరుకు ఐదు, పది గ్రాముల తేడాలు తెలిసిన చాలును. టమాటాకు గ్రాములో సగమునకు కూడ లెక్క కలదు.

ఏ నీరు వాడినను, మూడు వారములకొకసారి తొట్టికి స్నానము చేయించవలెను. పది పన్నెండు లీటర్ల మంచినీటిని పైనుండి నెమ్మదిగా పోసి, పొర్లు రంధ్రముగుండ బయటకు పోనిచ్చి, పిదప తొట్టిని వంచి గదిలోని నీటిని పారబోయవలెను. ఆ నీటిని ఇతర మొక్కలకు వాడరాదు. తొట్టిపై తెల్లని పొర కానవచ్చినచో స్నానమునకు వేళ దాటినదని గ్రహింపవలెను. మిశ్రమముపై కొబ్బరిపీచునో ఎండుటాకులనో రెండు అంగుళముల మందమున కప్పినచో పైనుండి ఆవిరి తగ్గును, ఉప్పు పేరుకొనుటయు తగ్గును. ద్రవరూపమున నుండు ఎరువులను, పేడనీటిని నీటిగదిలో పోయరాదు. నీరు కుళ్ళును, ఉప్పు పెరుగును. మూడు వారములకొకసారి గుప్పెడు వర్మీకంపోస్టును పైపొరలో కలిపిన చాలును.

ఎండను తొట్టి గెలువజాలదు

అడుగున ఎంత నీరున్నను వాతావరణపు వేడిమిని తొట్టి మార్చలేదు. పగటి వేడిమి 35 డిగ్రీలు దాటి, రాత్రియు చల్లబడనిచో టమాటా పుప్పొడి చెడును. పువ్వు పిందె కట్టక రాలిపోవును. కోనసీమలో ఏప్రిలు, మే రాత్రులు ఎట్టి ఉక్కతో గడచునో చెప్పనక్కరలేదు. ఆ దినములలో పూత నిలుపుటకు ఎన్ని మందులు చల్లినను ఫలితము స్వల్పమే. వేడిమి 30 డిగ్రీలను బాగుగా దాటినపుడు కాయకు ఎర్రరంగు కూడ సరిగా రాదు, పసుపుపచ్చగా నిలిచిపోవును.

కావున ఎండతో పోరుటకంటె కాలమును కనిపెట్టి నడచుటయే తెలివి. దసరా దినములలో నారు పోయవలెను. 25 లేక 30 దినముల నారును కార్తికమాసములో తొట్టిలో నాటవలెను. ధనుర్మాసమున పూత వచ్చును. సంక్రాంతి వెళ్ళిన పిదప కాయలు పండనారంభించును. అంతర్వేది లక్ష్మీనరసింహస్వామివారి రథోత్సవము జరుగు మాఘ శుద్ధ ఏకాదశినాటికి కోత ముమ్మరముగా నుండును. ఉత్సవమునకు ఇంటిల్లిపాది వెళ్ళి రెండు దినములు నిలిచినను నిండు గది మొక్కను కాపాడును. అంతకు మించి ఆశింపరాదు. లేతమొక్కకు ఒకసారి నింపిన గది వారము దినములు వచ్చును గాని, కాయలతో నిండిన మొక్క మార్చి ఎండలో దినమునకు రెండు మూడు లీటర్లు త్రాగును. ఐదు లీటర్ల గది రెండు దినములకే అడుగంటును.

మార్చి చివరనుండి తొట్టి చేయు మేలు వేరొకటి. క్రొత్త పిందెలు రాకున్నను, అప్పటికే నిలిచిన కాయలు పగులక, కుళ్ళక పెరుగును. రంగు తిరిగిన వెంటనే కోసి ఇంటిలో నీడను పరచినచో చక్కగా ఎర్రబడును.

తొట్టి గోడకు ఎండ సూటిగా తగిలినచో లోని వేళ్ళు ఉడుకును. నల్లని బకెట్టునకు ఈ ప్రమాదము హెచ్చు. బకెట్టుకు సున్నము పూయుటయో, చుట్టును గోనెపట్ట కట్టుటయో చేయవలెను. ఉదయపు టెండ ఆరు గంటలైనను తగిలి, మధ్యాహ్నము తరువాత నీడపట్టు దొరకు తూర్పు వసారా ముంగిలి శ్రేష్ఠము. నీడ కలదు గదాయని కొబ్బరిచెట్టు మొదట తొట్టిని పెట్టరాదు. కాయ రాలినను, మట్ట రాలినను మొక్కకే గాక నీరు పోయువారికిని ముప్పే. 1996 నవంబరు 6వ తేదీ తుపానును చూచినవారికి నవంబరు మాసపు గాలి యెట్టిదో తెలియును. తుపాను హెచ్చరిక వచ్చినపుడు తొట్లను ఎత్తి వసారాలోనికి చేర్చుకొనవచ్చును. నేలలోని మొక్కకు ఆ సదుపాయము లేదు.

రకములు, తెగుళ్ళు

తీరప్రాంతపు తడి, వెచ్చదనములలో టమాటాకు పెద్ద శత్రువు బాక్టీరియా వడలు తెగులు. పచ్చగానున్న మొక్క ఆకు పండకయే ఒకటి రెండు దినములలో వాలిపోవును. అట్టి మొక్క కాండమును కోసి గాజుగ్లాసులోని నీట నిలిపినచో కోసినచోటినుండి పాలవంటి తీగ దిగును. ఈ సూక్ష్మజీవి నేలలో చిరకాలముండును. పొలము మట్టి చేర్చని తొట్టికి ఇందువలన కొంత రక్ష కలదు. బెంగుళూరులోని భారత ఉద్యానపంటల పరిశోధన సంస్థవారు విడుదల చేసిన అర్క రక్షక్, అర్క అభేద్ అను సంకర రకములు ఈ తెగులును, ఆకుముడతను, ఆకుమాడు తెగులును తట్టుకొనును. ఆకుముడతను వ్యాపింపజేయునది తెల్లదోమ. నారుమడిని సన్నని వలతో కప్పుటయు, తొట్ల చెంత పసుపురంగు జిగురు అట్టలను కట్టుటయు మేలు. విత్తనమును, నారును గూర్చి సలహా కావలసినవారు అంబాజీపేటలోని ఉద్యాన పరిశోధనా స్థానమునందును, తమ గ్రామపు రైతుసేవా కేంద్రమునందును విచారింపవచ్చును.

బకెట్టునకు ఒక్క మొక్కయే నాటవలెను. నాలుగు అడుగుల కర్రను ఊతముగా నిలిపి మెత్తని గుడ్డపీలికతో కట్టవలెను. పూతదశలో ఉదయము ఎనిమిది, పది గంటల నడుమ పూగుత్తులను వ్రేలితో మెల్లగా తట్టినచో పుప్పొడి రాలి పిందె బాగుగా కట్టును. పంట ముగిసిన పిదప పొట్టును పారవేయక బాగుగా కడిగి, క్రొత్త ఎరువు కలిపి, బచ్చలికో తోటకూరకో వాడుకొనవచ్చును. టమాటాకు గాని, వంగకు గాని, మిరపకు గాని మరుసటి యేడు అదే పొట్టును వాడరాదు.

దోమల విషయము

నిలిచిన నీరు ఎక్కడ నున్నను దోమ గ్రుడ్లు పెట్టును. గ్రుడ్డు రెక్కల దోమగుటకు వారము పది దినములు చాలును. డెంగ్యూ జ్వరమును వ్యాపింపజేయు దోమకు ఇట్టి శుభ్రమైన నీరే ప్రీతి. టమాటాకై చేసికొన్న తొట్టి జ్వరమునకు మూలము కారాదు. నీరు పోయు గొట్టమునకు మూతయు, పొర్లు రంధ్రమునకు సన్నని వలగుడ్డయు, రెండు బకెట్ల అంచుల నడుమ సందునకు గుడ్డచుట్టయు తప్పక యుండవలెను. వారమునకొకసారి ఇంటిలోని తొట్లను, డ్రమ్ములను ఎండగట్టు దినమున ఈ మూడింటిని తడవి చూచుట అలవాటు చేసికొనవలెను. వలగుడ్డ చినిగిన తొట్టిని ఆనాడే వంచివేసి, బాగుచేసిన పిదపనే మరల నింపవలెను.

ఫలితమెంత?

చక్కగా చూచుకొన్న మొక్క ఒకటి ఋతువులో రెండు మూడు కిలోల కాయలిచ్చునని ఆశింపవచ్చును. నాలుగు తొట్లున్నచో పది కిలోలు. ఇది వ్యాపారము కాదు. పొలములో టమాటా వేయు రైతునకు ఈ పద్ధతిని మేము సూచించుట లేదు. ఆయనకు బిందుసేద్యము వంటి వేరు మార్గములు కలవు. ఇది పెరడు చిన్నదైన ఇంటికి, నేల ఉప్పుబారిన ఇంటికి, నీరు మోయుటకు ఓపిక తగ్గిన పెద్దలున్న ఇంటికి తగినది.

మొదటి యేడు నాలుగు తొట్లు పెట్టవలదు, ఒక్కటి పెట్టుడు. దానికి పోసిన నీరెంతో గోడపై గీతలు గీసి లెక్క వ్రాయుడు. ప్రక్కనే మామూలు కుండీలో మరియొక మొక్కను పెంచి దాని లెక్కయు వ్రాయుడు. ఫాల్గుణమాసము వచ్చునప్పటికి ఆ గీతలే మీకు మా కంటె చక్కగా బోధించును. బాగున్నదని తోచినచో రెండవ యేడు నాలుగు చేయుడు. మూడవ యేడు ప్రక్కయింటివారికి నేర్పుడు.

అడుగున మంచినీరు, నడుమ కడిగిన పొట్టు, పైన సకాలమున నాటిన మొక్క: ఈ మూడును కుదిరినచో బిందె నడుమునకెత్తు శ్రమ సగము తగ్గును, మాఘమాసపు పులుసులోనికి పెరటి టమాటా వచ్చును. మూడింటిలో ఏ ఒక్కటి తప్పినను తొట్టి ఉత్త బకెట్టుగానే మిగులును. కోనసీమ గృహిణులు ఈ మూడింటిని మరువక, రాబోవు దసరాకు ఒక్క తొట్టినైనను సిద్ధము చేసికొందురుగాక యని మేము కోరుచున్నాము.